భార్గవి కోలాటం, గున్నయ్య ఆయువు

భార్గవి తన పెదమామగారికి చేస్తున్న సేవ చూసి మా వీధిలో మిగతా కోడళ్లకు తిట్లు మొదలయ్యాయి. "ఆ పిల్లని సూసి నేర్సుకోండే" అనని అత్త లేదు. కడుపున పుట్టిన కూతురైనా అంత చెయ్యదని రామమందిరం అరుగు మీద మగవాళ్లు కూడా తీర్మానించేశారు. నా కిరాణా కొట్టు సరిగ్గా ఆ ఇంటికి ఎదురుగా ఉంటుంది. అందుకని ఈ పొగడ్తలన్నీ ముందు నా దగ్గరికొచ్చి, తర్వాతే ఊరు చుట్టేవి. నాకు మాత్రం నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఎందుకంటే ఆ సేవ వెనక సంగతి నాకు తెలుసు. ఆ పెదమామ గున్నయ్య దసరా దాటేదాకా బతికుండాలి. అంతే. దాటిన తర్వాత ఆయన రాత ఎలా ఉంటే అలా. ఈ మాట భార్గవి నాతో తన నోటితోనే అంది. అన్నాక చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పాపం కదప్పా?" అని నన్నే అడిగింది. మా వైపు అప్పా అంటే అక్క. అది అడిగిన చక్కెర పొట్లం కట్టి చేతిలో పెట్టాను.

మొదటినుంచీ చెప్పకపోతే ఆ పిల్లంటే మీకు అసహ్యం పుట్టేలా ఉంది. చెబుతాను.

భార్గవిది టెక్కలి పక్క పల్లె. ఇంటరు పాసై, డిగ్రీలో చేరదామనుకునే వేళకి పెళ్లి కుదిరి ఉద్దానం వచ్చింది. మొగుడు ఉమామహేష్ కొబ్బరికాయల వ్యాపారం చేస్తాడు. తోటల్లో కాయ దింపించి లారీలకు ఎత్తిస్తాడు. చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. కాకపోతే భార్య ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "కాళీయే, ఇంటికాడే ఉంటాది" అంటాడు. ఓసారి నా కొట్టు ముందే ఆ మాట అన్నాడు. అప్పుడా ఖాళీ మనిషికి ఒక చంకలో కొడుకు మణికంఠ, ఇంకో చంకలో నీళ్ల బిందె, వెనకాల బడికి వెళ్లనని చెంగు పట్టుకుని ఏడుస్తున్న కూతురు సుప్రజ. నాకు ఒళ్లు మండింది. "అంత కాళీగా ఉంటే కాసేపు నా కొట్లో కూకోబెట్టు నాయనా, నాను నడుం వాలుత్తాను" అన్నాను. అతను నవ్వి వెళ్లిపోయాడు. మగవాళ్లకు మన వెటకారం ఎప్పుడూ నవ్వులాటే.

పెళ్లయ్యాక ఆ పిల్ల తనకోసం అనుకున్న మొదటి పని కాశీబుగ్గలో కుట్టు నేర్చుకోవడం. కాజా కుట్టడం కూడా రాకముందే సుప్రజకు కామెర్లొచ్చి ఆగిపోయింది. పిల్ల కోలుకున్నాక మళ్లీ వెళ్తానంటే, పెద్దతల్లి అని, దాని అత్తగారు, "మళ్లీ ఏటి రోగం రావాలని?" అంది. అంతే, కుట్టు అక్కడితో సరి. రెండోది కోలాటం.

పైడయ్య మాస్టారని, పలాస అవతల నుంచి పాత మోపెడ్ మీద వచ్చి మా ఊరి ఆడవాళ్లకు కోలాటం నేర్పేవాడు. చూస్తే చీపురుపుల్లలా ఉంటాడుగానీ, అడుగు తప్పితే ఆయన అరుపుకి కాకులు లేచిపోతాయి. మొదటిరోజు సగంమందిమి నవ్వుకోడానికే వెళ్లాం. భార్గవి నవ్వలేదు. అది కర్ర పట్టుకున్న తీరుకే మాస్టారు ఆగి చూశాడు. నెల తిరక్కుండా ముందు జతలో నిలబెట్టాడు. దానికి జత నేను. వయసులో దానికంటే పదిహేనేళ్లు పెద్దదాన్ని, ఒళ్లు దానికి రెండింతలు. అయినా ఇద్దరి అడుగూ ఒకే తూకంలో పడుతుందన్నాడు. నా జన్మలో నా ఒంటి గురించి ఒక మగవాడు చెప్పిన మంచిమాట అదొక్కటే.

చిక్కంతా మైలతో వచ్చింది.

మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. భార్గవి అత్తవారి ఇంటిపేరు వాళ్లే ఊళ్లో సగంమంది. వాళ్లంతా ఒకరికొకరు పాలివాళ్లు. ఒక ఇంట్లో మనిషి పోతే అన్ని ఇళ్లకూ పదిరోజులు మైల. గుడికి పోకూడదు, దేవుడి పని ముట్టకూడదు. మా అమ్మల కాలంలో ఏడాదికి ఒకటో రెండో వచ్చే మైల ఇప్పుడు ఆ ఇంటిపేరుకి తెరిపి లేకుండా వస్తోంది. కోలాటమంటే దేవుడి ముందు ఆట. సింహాచలం వెళ్దామని బస్సు మాట్లాడుకున్నాం, పాలివాళ్లలో ఒక పెద్దాయన పోయాడు. మరుసటి ఏడు రథసప్తమికి అరసవల్లి అనుకున్నాం, బయల్దేరే ముందు రోజు ఒక పడుచువాడు పోయాడు. ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. ఆ శవం దగ్గర ఏడుస్తూనే భార్గవికి ఆట పోయిందన్న బాధ కూడా కలిగిందట. అలా కలిగినందుకు తనను తాను తిట్టుకుంటూ మా పెరట్లో చాలాసేపు కూర్చుంది. మేం దాని బదులు ఇంకొకర్ని పెట్టుకుని వెళ్లొచ్చాం. ఆ కొత్త జతతో నా అడుగు ఒక్కటీ కుదరలేదు.

ఈ ఏడు మాస్టారు తెచ్చిన కబురు వేరు. దసరాల్లో తిరుమల బ్రహ్మోత్సవాలకు, వాహనం ముందు నడిచే కోలాటం జట్లలో మాకూ చోటు దొరికింది. ఆడాల్సింది జడకోలాటం. మధ్యలో మాస్టారు ఎత్తైన గడ పట్టుకుని నిలబడతాడు. గడ చివర నుంచి రంగురంగుల తాళ్లు వేలాడతాయి. మనిషికొక తాడు. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని జతలు జతలుగా తిరుగుతూ ఆ తాళ్లను జడలా అల్లాలి, మళ్లీ వెనక్కి తిరుగుతూ విప్పాలి. అల్లేటప్పుడు ఒక్కరు దారి తప్పినా విప్పేటప్పుడు ముడి పడుతుంది. ముందు జత తప్పితే ఇక చెప్పేదే లేదు.

మాస్టారు చెప్పిన రోజు భార్గవి కొట్టు దగ్గర నిలబడి నాతో అన్న మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

"అప్పా, పెళ్లయిన కాడ్నుంచి నాను సేసిన పనులన్నీ మర్నాటికి మళ్లీ సెయ్యాలి. అన్నం వండితే తినీత్తారు, బట్టలుతికితే మాసిపోతాయి. సేసీసినాను, అయిపోయింది అనిపించే పని ఒక్కటి సెయ్యాలుందప్పా. ఒక్కటంటే ఒక్కటి."

"దేవుడి మీద భక్తి కాదేటే?" అన్నాను.

"దేవుడు కూడా ఉంటాడు గదా అక్కడ" అంది.

ఇక గున్నయ్య సంగతి. ఆయన ఉమామహేష్‌కు పెదనాన్న. భార్య పోయింది, పిల్లల్లేరు, తమ్ముడు కూడా పోయాడు. తమ్ముడి భార్య పెద్దతల్లి, తమ్ముడి కొడుకు ఉమామహేష్, వీళ్లే ఆయనకు దిక్కు. రేపు ఆయనకు తలకొరివి పెట్టాల్సింది ఉమామహేషే. పాలివాళ్లకైతే మైల పదిరోజులు. కొరివి పెట్టిన ఇంటికి ఏడాది. ఏడాది తిరిగేదాకా ఆ ఇంటివాళ్లు కొండెక్కకూడదని మా వైపు కట్టడి. ఇందులో ఎవరి మాటా చెల్లదు.

ఆ గున్నయ్యకి రెండేళ్లుగా పలాసలో డయాలసిస్. వారానికి మూడుసార్లు ఆటోలో తీసుకెళ్లి, సూదులు గుచ్చి, రక్తం కడిగి పంపుతారు. ఆషాఢంలో ఒకరోజు ఆయన ఆటో ఎక్కనన్నాడు. నేను కొట్టు ముందు నీళ్లు జల్లుతున్నాను, అంతా నా కళ్లముందే జరిగింది.

"నాను రాను. ఒగ్గియ్యండి నన్ను" అన్నాడు, అరుగు మీద కూర్చుని స్తంభాన్ని వాటేసుకుని.

ఉమామహేష్ తల గోక్కుంటూ నిలబడ్డాడు. "బావగారికి ఇష్టం లేకపోతే బలవంతమేటే?" అంది పెద్దతల్లి నెమ్మదిగా. ఆవిడ కఠినురాలు కాదు. రెండేళ్లు చూసి చూసి అలసిపోయింది. అలా మానేసినవాళ్లు మా చుట్టుపక్కల చాలామందే. మానేశాక ఎక్కువరోజులు పట్టదు. ఇంట్లోవాళ్లు కూడా పైకి ఏడ్చినా లోపల ఊపిరి పీల్చుకుంటారు.

భార్గవి వంటింట్లోంచి వచ్చింది. పిండి చేతులతోనే ఆయన చెయ్యి పట్టుకుంది. "లెగు పెదమావా."

"నాకిష్టం లేదే తల్లీ."

"నాకుంది" అంది.

ఆ రోజు నుంచి ఆయన్ని అది ఒగ్గలేదు. ఆటోలో పక్కన తనే కూర్చునేది. కూరగాయలు ఒకసారి ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వండేది. రోజుకిన్ని నీళ్లని చిన్న గ్లాసుతో కొలిచి పోసేది. ఆయన మొహం కడుక్కునేటప్పుడు నోట్లోకి నీళ్లు పోకుండా పక్కనే నిలబడి కాపలా కాసేది. ఒకసారి మణికంఠ స్కూలు సీసాలో నీళ్లు దొంగతనంగా తాగుతుంటే పట్టుకుని, పిల్లాణ్ణి అరిచినట్టు అరిచింది. ఆయన సీసా మూత పెట్టి తలొంచుకున్నాడు. సాయంత్రం బడి ఆవరణలో మా సాధన. అందరికంటే ముందు వచ్చేది, అందరికంటే ముందు పరుగెత్తుకుంటూ ఇంటికి పోయేది. ఊరు పొగడడం మొదలుపెట్టింది అప్పుడే.

అన్నిటికంటే కష్టం కొబ్బరిబొండాల దగ్గర వచ్చింది. మా వైపు జబ్బుమనిషిని చూడ్డానికి ఉత్తచేతులతో వెళ్లకూడదు, నాలుగు బొండాలు పట్టుకెళ్లడం మర్యాద. ఒంటికి చలవ చేస్తుందని నమ్మకం. కానీ డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు ఆ నీళ్లలోని పొటాషియం విషంతో సమానం, గుండె ఆగిపోతుందని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. ఎంత చెప్పినా ప్రేమ ఉన్నవాళ్ల బుర్రకెక్కదు. సంతబొమ్మాళి నుంచి గున్నయ్య మేనల్లుడు పోలారావు మోటార్ సైకిల్‌కి రెండువైపులా గెలలు కట్టుకుని వచ్చాడు. "మావకి బాగా వేడి సేసినట్టుంది, సలవ సేత్తాది" అంటూ అప్పుడే కత్తి అడుగుతున్నాడు.

"సూడ్డానికొచ్చినావా, సంపడానికొచ్చినావా?" అని భార్గవి ఆ గెలలు ఈడ్చుకుంటూ తెచ్చి వీధిలో పడేసింది. పోలారావుకి మొహం చెల్లక టీ కూడా తాగకుండా పోయాడు. గున్నయ్య మాత్రం అరుగు మీంచి, దుమ్ములో దొర్లుతున్న ఆ కాయల వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఒలే, తిత్లీ తుపానుకి తోటంతా పడిపోతే ఈ సేతుల్తోనే మళ్లీ మొక్కలు పెట్టినాను. ఆ మొక్కలు కాపుకొచ్చినాయి. నా సెట్టు కాయ నీళ్లు ఒక్క గుక్క నా గొంతు దిగలేదే. సగం గ్లాసియ్యి. పోనీ గొంతు తడుపుకుని ఉమ్మీత్తాను."

"దసరా ఎల్లనీ పెదమావా."

"దసరాకేటుంది?"

భార్గవి లోపలికి పోయింది. ఆ పూట సాధనలో దాని కర్ర రెండుసార్లు నా వేళ్ల మీద పడింది.

అలా దాచిన మాట ఎన్నాళ్లు దాగుతుంది? భాద్రపదంలో ఒక మధ్యాహ్నం ఆ ఇంట్లో అత్తాకోడళ్లకు మాటామాటా పెరిగింది. నేను బియ్యం బస్తా వేయించడానికి వెళ్లి అక్కడే ఉన్నాను. సుప్రజ జ్వరంతో పడుకుంటే కోలాటానికి వెళ్లిందని పెద్దతల్లి మొదలుపెట్టింది. మాత్ర వేసి, తడిబట్ట వేసి, జ్వరం దిగాకే వెళ్లానని భార్గవి అంది. అక్కడ ఆగితే సరిపోయేది. కానీ పెద్దతల్లి కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేసింది.

"నాకు తెల్దనుకున్నావేటి? నీ ఆటకోసం ఆయన్ని ఇన్నాళ్లూ సాగదీత్తన్నావు. పోతానన్నోణ్ణి పోనీకుండా సూదులు పొడిపిత్తన్నావు. ఊరందరి సేతా కోడలంటే నువ్వేననిపించుకుంటన్నావు!"

పక్కగదిలో మంచం కిర్రుమంది. గున్నయ్య మేలుకునే ఉన్నాడు. తలుపు పట్టుకుని వచ్చి గడపలో నిలబడ్డాడు. పెద్దతల్లి తలమీద కొంగు లాక్కుని పెరట్లోకి వెళ్లిపోయింది. నేను బియ్యం బస్తా మీదే కూలబడ్డాను. లేచి పోవాలని నాకు లేదు.

"ఎప్పుడే నీ ఆట?" అన్నాడు.

భార్గవి గోడకేసి చూస్తూ చెప్పింది.

"నాను సచ్చిపోతే నువ్వు కొండెక్కకూడదు. అదేనా?"

"అదే పెదమావా."

"అంటే అప్పటిదాకా నన్ను ఉండమంటావు."

అబద్ధం చెబుతుందనుకున్నాను. నీమీద ప్రేమతోనే చేశాననో, ఆవిడ మాటలు పట్టించుకోవద్దనో అంటుందనుకున్నాను. ఎవరైనా అదే అంటారు. ఆ పిల్ల ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, "ఉండు పెదమావా. నీ కాళ్లు పట్టుకుంటాను, ఉండు" అని భోరుమంది.

గున్నయ్య నెమ్మదిగా దాని పక్కనే కింద కూర్చున్నాడు. కూర్చోడానికే ఆయాసపడ్డాడు.

"రెండేళ్లుగా నన్ను బతికిత్తన్నారు. ఎందుకో ఎవుడూ సెప్పలేదే. నాకూ తెల్లేదు. నువ్వొక్కర్తివి సెప్పినావు" అన్నాడు. "సరే, ఉంటాను. కానీ నువ్వూ నాకొక మాటియ్యాల. ఆడొచ్చీసినాక ఇంక నన్ను ఆ ఆటో ఎక్కించకూడదు. నా దారిన నన్ను ఒగ్గియ్యాల."

భార్గవి ఆయన చేతిలో చెయ్యేసింది. నేను చూస్తుండగానే వేసింది.

ఆయన నావైపు తిరిగాడు. "ఒలే లక్ష్మీకుమారీ, నువ్వు మా ఇంటిపేరుదానివి కాదు, నీకు మైలంటదు. నా పానం ఎంత మాటిచ్చినా మాటమీద నిలబడేది కాదు. ఇది కొండ మీదుండగా నాను పోతే, ఆ కబురు నీ సెవిలోనే ఉంచీసుకో. సెవిన పడితేనే మైల. పడందాకా ఏటీ లేదు. పెద్దలు సెప్పిందే."

అది నిజమే. కబురు విన్న క్షణం నుంచే మైల లెక్క. మా తాతల కాలంలో బర్మా వెళ్లినవాళ్లకి ఇంట్లో చావు కబురు ఎప్పుడందితే అప్పుడే మైల మొదలయ్యేదట. కానీ ఆ కట్టుబాటుని ఇలా వాడుకోవచ్చని ఏ పెద్దలూ అనుకుని ఉండరు. ఆ బరువు నా నెత్తిన పెట్టేసి ఆయన హాయిగా పడుకున్నాడు.

అప్పటినుంచి గున్నయ్య నీళ్లు అడగలేదు. ఆటో శబ్దం వినగానే చెప్పులేసుకునేవాడు. ఇంట్లో కర్రల చప్పుడు వినిపిస్తే "అడుగు జారతంది, మళ్లీ ఏయ్" అని గదిలోంచే అరిచేవాడు. ఆయనకి కోలాటం ఏం తెలుసని? అయినా భార్గవి మళ్లీ వేసేది. మరోవైపు మనిషి మాత్రం రోజురోజుకీ తరిగిపోతున్నాడు. మొహం ఉబ్బింది, కాళ్ల మీద వేలు పెడితే గుంట పడి అలాగే ఉండిపోయేది. పలాసలో డాక్టరు ఉమామహేష్‌ను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో భార్గవి అడగలేదు.

ప్రయాణం రోజు పలాస స్టేషన్లో రైలెక్కగానే అది ఫోను ఆపేసి సంచి అడుగున పెట్టేసింది.

"పిల్లలు మాటాడతామంటేనో?" అన్నాను.

"మాటాడితే వినపడతాది గదప్పా. వెనకాల ఎవరైనా ఏడుత్తంటే వినపడతాది" అంది. పెళ్లయ్యాక పిల్లల్ని వదిలి అది ఒక్కరాత్రి కూడా ఎక్కడా ఉండలేదు. దారి పొడవునా సంచి వైపు చూస్తూనే ఉంది, జిప్పు మాత్రం తియ్యలేదు. నా ఫోను మాత్రం రవికలో పెట్టుకుని, అది కదిలిందేమోనని నేను ప్రతి స్టేషన్లో గుండె పట్టుకుని కూర్చున్నాను.

కొండ మీద మా వంతుకి ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టారు. కాలు కింద రాయి కాలుతోంది. మాస్టారు గడ ఎత్తాడు, తాళ్లు పంచాడు. సరిగ్గా అప్పుడు నా రవికలో ఫోను మోగింది. తీసి చూస్తే పెద్దతల్లి. తాడు పక్కదానికి అప్పగించి గోడవారకి పోయి ఎత్తాను.

"ఓలే లక్ష్మీ, శనగపిండి డబ్బా ఎక్కడ పెట్టిందో కనుక్కోయే. పిల్లలు బజ్జీలంటన్నారు."

నాకు వచ్చిన కోపానికి ఫోను విసిరికొట్టేదాన్నే. "బావగారెలాగున్నారు?" అని పళ్లు బిగించి అడిగాను. "అలాగే ఉన్నారు, పడుకున్నారు" అంది. వెనక్కి తిరిగేసరికి భార్గవి నా మొహం వైపే చూస్తోంది. వెంటనే చూపు తిప్పేసుకుని తాడు బిగించి పట్టుకుంది. నేను నవ్వినా ఆ పిల్ల ఇప్పుడు నమ్మదు. నవ్వి కబురు దాస్తున్నాననే అనుకుంటుంది. డప్పు మొదలైపోయింది.

ఆట గురించి ఏం చెప్పను? అల్లాం, విప్పాం. ఒక్క ముడి పడలేదు. నా జీవితంలో నేను అంత తేలిగ్గా ఎప్పుడూ లేను. ఎదురుగా అది, మొహం రాయిలా పెట్టుకుని, అడుగు మాత్రం వెంట్రుకవాసి తప్పకుండా వేసింది. వెనకాల వాహనం రావడం, జనం గోవిందా అనడం వినపడిందిగానీ, తాడు మీంచి కళ్లు తియ్యడానికి లేదు కాబట్టి మా ఇద్దరిలో ఎవరమూ స్వామిని చూడలేదు. ఏళ్ల కోరిక, పావుగంటలో అయిపోయింది.

పక్కకి వచ్చాక గోడకి చేరబడి అడిగింది. "ఎప్పుడు పోయినాడప్పా?"

"ఎవరే?"

"నాకు సెప్పీ. ఆడీసినాను గదా."

"మీ అత్తకి శనగపిండి డబ్బా కావాలట" అన్నాను.

కాసేపు అర్థం కాలేదు దానికి. తర్వాత నవ్వింది. ఎంత నవ్విందంటే, పక్క జట్టువాళ్లు తిరిగి చూశారు. "పై అలమరలో, పప్పుల వెనకాల" అంది నవ్వుతూనే. ఆ సాయంత్రమంతా దాని మొహం చూడాల్సిందే. పెళ్లికూతురు కూడా అలా ఉండదు. "సేసీసినానప్పా, అయిపోయింది" అని నాలుగైదుసార్లు అంది. ఫోను మాత్రం అప్పుడూ తియ్యలేదు.

కొండ దిగాక కూడా తియ్యలేదు. ఇంకా భయమెందుకే అంటే మాట దాటేసింది. తిరుగు రైల్లో మాట్లాడటం తగ్గించేసింది. నౌపడ దగ్గర ఉప్పు కుప్పలు కనిపిస్తుండగా, ఇక ఆగలేక సంచిలోంచి ఫోను తీసింది. అది వెలగడమే తరువాయి, మోగింది.

"ఆడీసినావా?" గున్నయ్య గొంతు పక్కనున్న నాకు కూడా వినపడింది. గొంతు కాదది, గాలి.

"ఆడీసినాను పెదమావా."

"ముడి పడలేదు గదా?"

"పడలేదు."

"బాగుంది. అయితే రేపు ఆటోవోడికి రావొద్దని సెప్పీమంటాను. మాటిచ్చినావు."

భార్గవి కిటికీలోంచి బయటికి చూసింది. పెదవి కొరుక్కుంది. "పెదమావా, వచ్చీ ఏడు కూడా మమ్మల్నే రమ్మన్నారు" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. మమ్మల్ని ఎవరూ రమ్మనలేదు. ఆట అయ్యాక కనీసం మా ఊరి పేరు కూడా ఎవరూ అడగలేదు.

"లక్ష్మీకుమారి పక్కనుందా? దానికియ్యి" అన్నాడు. భార్గవి ఫోను నా చేతిలో పెట్టింది. దాని కళ్లు చూసి నాకు కోపం, జాలి రెండూ వచ్చాయి. చావబోయే మనిషిని మోసం చెయ్యమంటోంది, అదీ నా నోటితో.

"నిజమేనేటే?" అన్నాడాయన.

"నిజమే మావా" అన్నాను.

"వచ్చీ ఏడంటే శానా దూరమే" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

నేను ఊరుకోలేదు. "సేతిలో సెయ్యేసి మాటిచ్చినావు గదే! ఆయన అడిగిందేటి, ప్రశాంతంగా పోనియ్యమన్నాడు. నీ పనయిపోయింది, ఇంకా ఏటి కావాల నీకు?" అన్నాను. బోగీలో అందరూ చూస్తున్నారని కూడా చూసుకోలేదు.

భార్గవి చెంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడాయన పోతే, నా ఆటకోసమే ఉంచినట్టయిపోద్దప్పా" అంది. "మొదట అందుకే ఉంచినాను. ఇప్పుడు అందుక్కాదు. ఆ మాట సెప్తే ఆయన నమ్మడు. నానైనా నమ్మను. ఆటంటేనే నమ్ముతాడు."

పలాసలో దిగాం. ప్లాట్‌ఫాం మీద ఉమామహేష్, అతని చెరోచెయ్యి పట్టుకుని పిల్లలు. సుప్రజ పరుగెత్తుకొచ్చి నడుం వాటేసుకుంది. ఉమామహేష్ సంచి అందుకుంటూ, "పెదనాన్న రేపు ఆటోని బేగి రమ్మని సెప్పమన్నాడు, ఎండెక్కితే ఓర్సుకోలేనంటన్నాడు" అన్నాడు.

భార్గవి ఉన్నచోటే చతికిలబడి, పిల్లని ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఉమామహేష్ కంగారుపడిపోయి ఒకసారి దానివైపు, ఒకసారి నావైపు చూశాడు.

"ఏటయిందే? ఆట బాగా రాలేదేటి?" అన్నాడు.